నార్వెల్ వారి మెటికలు

దయామణి చేతులకు తొడుగులు వేసిన రోజున ములగలంక ఆరోగ్య కేంద్రంలో కరెంటు లేదు, డాక్టరు లేడు, నొప్పులు పడుతున్న మనిషి మాత్రం ఉంది. డాక్టరు లేకపోవడం కొత్త కాదు. ఆయన కిందటేడే నార్వెల్ దేశం విమానం ఎక్కాడు. అంతకు ముందు ఇద్దరు నర్సులు ఎక్కారు. వాళ్ళకంటే ముందు ల్యాబు టెక్నీషియను ఎక్కాడు. నార్వెల్‌లో ముసలివాళ్ళు ఎక్కువ, చేతులు తక్కువ. ములగలంకలో చేతులు ఎక్కువేమీ లేవు గాని, ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. మిగిలింది నర్సు దయామణి, ఒక ఆయా, గోడ మీద టీకాల పట్టిక.

"ఉల్లిపొర తొడుక్కున్నట్టుందండి," అంది దయామణి వేళ్ళు ఆడిస్తూ.

"మీ చేతులు ఏం చేస్తున్నాయో ఇవి రాసుకుంటాయి సిస్టర్ గారూ," అంది భార్గవి. విశాఖపట్నం ప్రయోగశాల నుంచి పెట్టె మోసుకొచ్చిన ఇరవయ్యెనిమిదేళ్ళ ఇంజనీరు ఆమె. "ఎంత నొక్కారు, ఎక్కడ ఆగారు, ఎక్కడ జారింది, ఎక్కడ వెచ్చగా తగిలింది, అన్నీ. వీటి మీద మీ మామూలు తొడుగులు వేసుకుని పని చేసుకోండి. నేను లేననుకోండి."

"లేరనుకోవాలంటే ఆ గుమ్మంలోంచి తప్పుకోండి. ఆయా వేడినీళ్ళు తేవాలి."

భార్గవి గోడకు అంటుకుపోయి తన తెర పలక మీద కదిలే గీతలు చూస్తూ కూర్చుంది. దయామణి ఎడమచేతి చిటికెన వేలు చిన్నప్పుడు రోకటి కింద పడి వంకర తిరిగింది, పూర్తిగా మడవదు. గీతల్లో ఆ వంకర కూడా కనబడుతోంది.

గంటన్నరకు ఆడపిల్ల పుట్టింది. తుడిచి తల్లి గుండెల మీద వేశాక, మాయ పడి, తల్లి క్షేమంగా ఉందనుకున్నాక, దయామణి పై తొడుగులు మార్చుకుని ముప్పై ఏళ్ళుగా చేసే పనే చేసింది. రెండు చేతులూ పిల్ల బుగ్గల దాకా చాపి, తాకీ తాకనట్టు నిమిరి, వెనక్కి తెచ్చి తన కణతలకు ఆనించి పటపటా మెటికలు విరిచింది. లోపలి ఉల్లిపొర ఇంకా చేతులకే ఉందని ఆమెకు గుర్తు లేదు.

"చివర్లో పదహారు సెకన్లు ఏదో చేశారు," అంది భార్గవి పలకలోంచి తల ఎత్తకుండానే. "వేళ్ళు బాగా మడిచారు. ఏమిటది?"

దయామణి గతుక్కుమంది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి ఆమె. దిష్టి అనేది లేదని పాస్టరుగారు మూడుసార్లు వాక్యం చెప్పారు, మూడుసార్లూ ఆమె వైపే చూసి చెప్పారు.

"చేతులు పట్టేశాయండి. విదిలించుకున్నాను," అంది.

అరవై కాన్పులు రాసుకున్నారు. అరవైసార్లూ చేతులు పట్టేశాయి. భార్గవి ఆ పదహారు సెకన్లకూ ఒక పేరు పెట్టి పనిలో భాగంగా ఎక్కించేసింది: అలసట తీర్చుకొను చర్య. ఏజెన్సీ కొండల్లో కొత్తగా చేరే నర్సులకు ఈ చేతివాటం నేర్పుతామని చెప్పింది. ఆ మాట నిజమని ఆమె కూడా నమ్మింది. నలభై ఒక్క పేజీల ఇంగ్లీషు కాగితం మీద దయామణి పదిహేడు చోట్ల సంతకం పెట్టింది. చదవలేదు. ఆ రోజు టీకాల రోజు, బయట నలభై మంది తల్లులున్నారు. సంతకం పెట్టించుకునేవాళ్ళు ఎప్పుడూ అలాంటి రోజే చూసుకుని వస్తారు.

*

ఒప్పందం సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు. మన రొయ్యల మీద నార్వెల్ వేసే సుంకం ఎత్తేశారన్నది అందరికీ తెలుసు. చెరువుల వాళ్ళు బాణాసంచా కాల్చారు. బదులుగా మనం ఏం ఇచ్చామన్నది మాత్రం ఎవరూ అడగలేదు. మనుషుల్ని పంపితే వీసాలు, ఇళ్ళు, పిల్లల బళ్ళు, పింఛన్లు, నార్వెల్‌కి ఇదంతా తలనొప్పి. చేతివాటం ఒక్కటే పంపితే ఏ తలనొప్పీ లేదు. రొయ్య ఐసులో వెళ్ళింది, చెయ్యి తీగలో వెళ్ళింది.

ఆరు నెలల తరవాత ఒప్పందాల అమలు అధికారి ప్రభంజనరావు జీపు దిగాడు. చొక్కా నలగదు, గొంతు లేవదు.

"అభినందనలమ్మా. ఆ తొడుగులు రాసుకున్న మీ చేతివాటం, అదే మీ చేతిముద్ర, మొదటి శ్రేణిలో వచ్చింది. నార్వెల్‌లో ఈ రోజు మూడు వందల ఆసుపత్రుల్లో మీ చేతులే కాన్పులు చేస్తున్నాయి."

"నా చేతులు ఇక్కడే ఉన్నాయి కదండి."

"అదే మాట్లాడదామని వచ్చాను." ఆయన సంచిలోంచి రెండు నల్లటి పట్టీలు తీశాడు. "పద్నాలుగో షరతు. చేతిముద్ర ఇప్పుడు నార్వెల్ వారి సొత్తు. దాన్ని అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదు. మీరు కూడా."

దయామణికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. ఇలాంటివి మామూలు బుర్రలకు తొందరగా ఎక్కవు.

"నా చేతులు నేను వాడకూడదా?"

"అన్నం తినండి, బట్టలు ఉతుక్కోండి, ఎవరూ కాదనరు. ఆ పని చెయ్యకూడదు, అంతే. పట్టీ కనిపెట్టి కూస్తుంది. ఒక్కో కూతకీ ఒక్కో విచారణ. విచారణ తేలేదాకా ఈ జిల్లా రొయ్యల కంటెయినరు ఒకటి రేవులో ఆగుతుంది. జీతం ఆగదు. మీరు రిజిస్టర్లు చూసుకోవచ్చు."

"మరి కాన్పులెవరు చేస్తారండి?"

"పట్నంలో పెద్దాసుపత్రికి నార్వెల్ యంత్రం దిగుమతి అయింది. దాని లోపల ఉన్నది మీ చేతులే. గర్వపడాలి మీరు."

జిల్లాలో ఇలాగే చేతులు రాయించుకున్న మూడు వందల నలభై మంది నర్సులకు ఆ వారంలో పట్టీలు పడ్డాయి. ఊరు వాటిని కడియాలంది.

*

దయామణి మొగుడు ఏసోబు రొయ్యల యార్డుకి ఐసు బండి తోలతాడు. నోరు ఊరుకోదు. ఆ సాయంత్రం వంటింట్లో దయామణి చపాతీ పిండి పిసుకుతుంటే కడియం కీచుమంది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ పిసికింది. మళ్ళీ కీచుమంది.

"ఏంటే అది?"

"మాయ పడ్డాక పొట్ట మీద ఇలాగే ఒత్తుతాను. అదనుకుంటంది."

ఏసోబు పిండి వైపు, ఆమె వైపు చూశాడు. "అయితే చపాతీలు కూడా నార్వెలోళ్ళయిపోయినాయన్నమాట. పోన్లే, అన్నం వండు. గరిటె తిప్పితే కూత్తాదేమో చూసుకో."

దయామణి నవ్వింది. నవ్వుతూనే పిండి పళ్ళెం పక్కకి నెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎంతసేపో వాటినే చూస్తూ కూర్చుంది. ఏసోబు లేచి తనే ఎసరు పెట్టాడు.

మర్నాడు యార్డులో రెండు కంటెయినర్లు ఆగాయి. చపాతీల లెక్కన.

*

నూకరత్నం రొయ్యల తలలు తీసే షెడ్డులో పనిచేస్తుంది. తొలిచూలు, ఎనిమిదో నెల. వాళ్ళాయన నాయనమ్మ పైడమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పైడమ్మకి ఎనభై దాటాయి. చెవులు మాత్రం పాము చెవులు.

"సిస్టరమ్మగోరూ, లోపల బిడ్డ పైన తన్నట్లేదండి, ఇక్కడ తంతంది," అంది నూకరత్నం బల్లమీద పడుకుని పొట్ట కింది భాగం చూపిస్తూ.

కొత్తగా వేసిన నర్సు ఒకమ్మాయి చెయ్యి పెట్టి చూసింది గాని చెప్పలేకపోయింది. దయామణి రిజిస్టరు మూసి లేచి వచ్చింది. అరచేతులు రెండూ ఆ పొట్టకి అటూ ఇటూ ఆనించింది. కడియాలు కూశాయి. కూయనీ అనుకుని మరో నాలుగు క్షణాలు ఆనించి ఉంచింది.

పైన, పక్కటెముకల కింద గుండ్రంగా గట్టిగా తల. కింద మెత్తగా పిర్రలు.

"ఎదురుకాళ్ళు," అంది.

పైడమ్మ నిట్టూర్చింది. నూకరత్నం మొహం తెల్లబోయింది. "అయితే కోసేత్తారాండి?"

"పట్నంలో కోస్తారు. నేనయితే తొమ్మిదో నెల పడ్డాక బయట నుంచే ఒత్తి మెల్లిగా తిప్పుతాను. ఇప్పటికి నూట పాతిక మందికి తిప్పాను. తిరగనంటే వదిలేసి పంపించేస్తాను, మొండి చెయ్యను."

"మరి తిప్పండి."

దయామణి మణికట్టు ఎత్తి చూపించింది. నూకరత్నం చూసింది.

"పట్నంలో మరలో ఉన్నయ్యి మీ చేతులేనంట కదండీ?"

"దానికి నార్వెల్ వాళ్ళ బీమా కార్డుండాలంట. నీకుందా?"

"రేషన్ కార్డుంది."

"అది కాదమ్మా."

నూకరత్నం లేచి చీర సర్దుకుంది. ఏడవలేదు. "తొమ్మిదో నెల పడ్డానికి ఇంకా నాలుగు వారాలుంది కదండి. మీరేదో ఒకటి చేత్తారు," అంది. ఆ మాట బరువు దయామణి గుండెల మీద కూర్చుంది. తిడితే దులుపుకోవచ్చు. నమ్మితే ఏం చేస్తాం?

*

వారం తిరక్కుండా భార్గవి ఫోను చేసింది. ఒక్కసారి విశాఖపట్నం రావాలి, యంత్రాలతో పెద్ద గొడవొచ్చింది, మీరే చెప్పాలి అంది. ఏసోబు ఐసు బండిలోనే తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఐసు నీళ్ళు కారాయి.

ప్రయోగశాలలో గాజు గదిలో ఒక బల్ల, బల్ల మీద రబ్బరు బొమ్మ, బల్ల పైన రెండు యంత్రపు చేతులు వేలాడుతున్నాయి. మోచేతుల దాకానే ఉన్నాయి, మనిషి లేదు. భార్గవి మీట నొక్కింది. చేతులు కదిలాయి. రబ్బరు బొమ్మ తల బయటికి వస్తుంటే కుడిచెయ్యి అడ్డం పెట్టి, తొందరపడకు అన్నట్టు ఆపింది. ఎడమచెయ్యి కింద కాచింది. చిటికెన వేలు మడవకుండా పక్కకి నిలబడి ఉంది.

దయామణి గాజుకి దగ్గరగా వెళ్ళింది. తన వేలే. తన రోకటి పోటే. ముప్పై ఏళ్ళు ఎన్ని వానల్లో పడవ ఎక్కి, ఎన్ని గుడిసెల్లో మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకున్నదో అదంతా ఆ గాలిలో వేలాడుతోంది. దానికి నడుం నొప్పి లేదు. దాన్ని ఎవరూ సిస్టరమ్మా అని పిలవరు.

"మా ఆవిడ చేతులకి జీతమెవరిత్తారండి?" అన్నాడు ఏసోబు.

భార్గవి బొమ్మ వైపు వేలు చూపించింది. "చూడండి, ఇదిగో ఇక్కడే," అంది.

బొమ్మ పుట్టింది. యంత్రపు చేతులు దాని బుగ్గల దాకా చాపి నిమిరాయి. వెనక్కి వచ్చాయి. కణతలు ఎక్కడా లేవు. గాలిలోనే ఒక తలకాయ ఉన్నట్టు అక్కడ ఆగి, వేళ్ళు మడిచి గట్టిగా విరిచాయి. ఫట్టుమని ఒక బొటనవేలు ఊడి గాజుకి తగిలి కిందపడింది.

ఏసోబు గోడ పట్టుకుని నవ్వాడు. నిలబడలేక కుర్చీలో కూర్చుని నవ్వాడు.

"నార్వెల్‌లో ఇప్పటికి రెండు వందల పన్నెండు బొటనవేళ్ళు ఊడాయి," అంది భార్గవి. "నాకు ఆ పలక మీద గీతలే కనబడ్డాయి. ఇలా చూస్తేనే తెలిసింది. సిస్టర్ గారూ, ఇది దిష్టి తీయడం. మా అమ్మమ్మ తీసేది."

"పాస్టరుగారికి చెప్పకండి," అంది దయామణి.

"తీసేద్దామంటే కుదరట్లేదు. నార్వెల్ తల్లులు ఒప్పుకోవట్లేదట. పక్క పిల్లకి చేసింది, మా పిల్లకి ఎందుకు చెయ్యదు అని. అందుకని ఉక్కు వేళ్ళు పెడుతున్నారు." భార్గవి గొంతు తగ్గించింది. "ఇంకో విషయం. నేను ఆ పదహారు సెకన్లకి పేరు పెట్టి పనిలో కలిపేశాను కదా. రిజిస్టరైపోయింది. పద్నాలుగో షరతు దానికి కూడా వర్తిస్తుంది. ఎవరు చేసినా ఉల్లంఘనే. కడియం ఉన్నా లేకపోయినా."

"ఎవరు చేసినా అంటే?"

"ఎవరు చేసినా."

దయామణి ఆ ఊడిన బొటనవేలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ముందు పెదవులు కదిలాయి. తరవాత భుజాలు. తరవాత ఆమె కూడా మొగుడి పక్కన కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది.

"మా ఊళ్ళో ముసలమ్మలంతా దొంగలన్నమాట," అంది. "అమ్మాయిగారూ, ఆ షరతు కాగితం తెలుగులో రాసి ఇవ్వండి నాకు."

"ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

"నాది పోయింది కదండి. ఏమయింది? ఇద్దరం కలిసి రిజిస్టర్లు చూసుకుందాం."

భార్గవి తొడుగు కనిపెట్టింది కొండల్లో అమ్మాయిల కోసం. అది ఎవరి సంచిలోకి పోయిందో ఆమెకు తెలియడానికి ఏడాది పట్టింది. చదువుకున్నవాళ్ళకి కొంచెం ఎక్కువ సమయమే పడుతుంది. అయితే తెలిశాక ఆమె గింజుకోలేదు. సాయంత్రానికి కాగితం తయారైంది.

*

అయితే ఏసోబుకి ఒక మెలిక తగిలింది. తిరుగు దారిలో దయామణి తన ఎత్తు చెప్పగానే అన్నాడు.

"ఊరంతా నేరం ఒప్పేసుకుంటే కంటెయినర్లు ఆగిపోతాయి. కంటెయినర్లు ఆగితే నా ఐసెవడిక్కావాలి? తలలు తీసే షెడ్డు మూతపడద్ది. నూకరత్నానికి కూలి ఉండదు."

"ఉండదు. మొదట ఉండదు."

"మరి?"

"కూలి పోద్దని నోరు మూసుకుంటే మన చేతులు పోయినాయి. రేపు మీ ఐసు బండి తోలే చేతులు కూడా రాసుకుంటారు. గేరెయ్యాలంటే నార్వెల్‌కి రాసి అడగాలి మీరు."

ఏసోబు గేరు మార్చాడు. "మగాళ్ళు కూడా దిట్టి తియ్యొచ్చా?"

*

మంగళవారం పొద్దున్న ప్రభంజనరావు ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద పైడమ్మ కూర్చుని ఉంది. వెనకాల నూకరత్నం, ఆ వెనకాల షెడ్డులో ఆడవాళ్ళు, ఆ వెనకాల వరస మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

"ఏం కావాలమ్మా?"

"నేరం చేశానయ్యా. రాసుకో."

"ఏం నేరం?"

"మా మునిమనవరాలికి పొద్దున్నే దిట్టి తీశాను. ఇదుగో, ఇలాగ." పైడమ్మ ఆయన బుగ్గలు నిమిరి తన కణతలకు ఆనించి విరిచింది. పది వేళ్ళూ మోగాయి. "ఇప్పుడు ఇంకోటి. రెండు రాసుకో."

"ఇది... ఇది నేరం కాదమ్మా."

వరసలోంచి దయామణి ముందుకు వచ్చి తెలుగు కాగితం బల్ల మీద పెట్టింది. "పద్నాలుగో షరతు, మూడో జాబితా, పదకొండో అంశం. అలసట తీర్చుకొను చర్య. చదువుకోండి. ఎవరు చేసినా ఉల్లంఘనే, స్వయంగా ఒప్పుకుంటే అధికారి తప్పక నమోదు చెయ్యాలి. చెయ్యకపోతే ఆయన మీద కూడా విచారణ. అది పదిహేనో షరతు."

ప్రభంజనరావు చదివాడు. ఒప్పందాల అమలు అధికారి ఒప్పందం చదవడం అదే మొదటిసారని ఆయన మొహమే చెప్పింది.

"పేరు?" అన్నాడు చివరికి.

"పైడమ్మ."

"ఎన్నిసార్లు చేశారు?"

"ఎనభై ఏళ్ళుగా చేత్తన్నాను. నీకు లెక్కలొచ్చా?"

సాయంత్రానికి నాలుగు వందలు. మర్నాడు పక్క మండలాల నుంచి ఆటోలు వచ్చాయి. మూడు వందల నలభై మంది నర్సులు యూనిఫారాలతో వచ్చారు, వాళ్ళు వరసలో నిలబడి విరుస్తుంటే కడియాలన్నీ కలిసి కూసి చెట్ల మీద కాకులు లేచిపోయాయి. ఏసోబు గురువారం వచ్చాడు. తన ఐసు బండికి దిష్టి తీశానని ఒప్పుకున్నాడు. బండికి చేస్తే వర్తించదని ప్రభంజనరావు వాదించాడు. షరతులో బిడ్డకే అని ఎక్కడుందో చూపించమన్నాడు ఏసోబు. అదీ రాసుకున్నారు. శుక్రవారం పాస్టరుగారి భార్య వచ్చింది. ఆవిడా దయామణీ చెరో వైపు చూస్తూ నవ్వుకున్నారు.

పది రోజులకు పదకొండు వేల నేరాలు. జిల్లాలో అన్ని కంటెయినర్లు లేవు. ఉన్నవన్నీ రేవులో ఆగిపోయాయి. చెరువుల యజమానులు మొదట నర్సుల మీద కారాలు మిరియాలు నూరారు. యార్డు ముందు దయామణి బల్ల ఎక్కి నిలబడింది. మైకు లేదు.

"రొయ్యలు అమ్ముకోవద్దని మేం అన్నామా? అమ్ముకోండి. సుంకం ఎత్తేశారు, బావుంది. దాని కింద మమ్మల్ని ఎందుకు పెట్టారని అడుగుతున్నాం. రేపు మీ కోడలికి నొప్పులొస్తే కంటెయినరు వచ్చి కాన్పు చేస్తుందా?"

ఒక పెద్ద చెరువు ఆసామి జనంలోంచి వెనక్కి జరిగి కారెక్కాడు. ఆయన కోడలికి ఏడో నెల. ఆ మధ్యాహ్నం నుంచి చెరువుల వాళ్ళ కార్లు ప్రభంజనరావు ఆఫీసు ముందు ఆగడం మొదలైంది.

*

పని జరిగింది మాత్రం నార్వెల్‌లో. వాళ్ళ చట్టం గట్టిది. ప్రతి నేరస్థుడికీ విడిగా విచారణ, నేరస్థుడి భాషలో. ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. ములగలంకలో కూర్చున్న పైడమ్మను తెర మీద చూపించారు. ఆవిడ మాట తర్జుమా చెయ్యడానికి తెలుగు వచ్చినవాళ్ళు కావలసి వచ్చింది. నార్వెల్‌లో తెలుగు వచ్చినవాళ్ళు ఎవరు? ముందు విమానాలెక్కి వెళ్ళిన నర్సులు. ములగలంక నుంచి వెళ్ళిన ఇద్దర్నీ కూడా పిలిచారు.

భార్గవి ఫోన్లో ఆ విచారణ ఆరోగ్య కేంద్రం వరండాలో అందరూ చూశారు. తర్జుమాకి నిలబడ్డ నర్సు పైడమ్మ మాట చెప్పకముందే జడ్జీలతో తన మాట చెప్పింది.

"ముందు నాది రాసుకోండి. నిన్న నా వార్డులో పుట్టిన మీ దేశం పిల్లకి నేనూ తీశాను. చాలా ముద్దుగా ఉంది. ఆపుకోలేకపోయాను."

మధ్యలో కూర్చున్న జడ్జిగారు పెద్దావిడ. కళ్ళజోడు తీసి, అది చేసి చూపించమంది. నర్సు చూపించింది. పది వేళ్ళూ మోగాయి. జడ్జిగారు తనూ ప్రయత్నించింది. మూడే మోగాయి.

"ఒత్తాలమ్మా, కణతకి ఒత్తి పట్టాలి," అని పైడమ్మ తెర మీద నుంచి సలహా చెప్పింది. తర్జుమా చేశారు.

పదకొండు వేల విచారణలకు ఎన్నేళ్ళు పడుతుందో నార్వెల్ వాళ్ళు లెక్కేసుకున్నారు. వాళ్ళ అంగళ్ళలో రొయ్యలు లేవు. వాళ్ళ సొంత నర్సుల సంఘం ఆ రాత్రికి రాత్రే ఒక తీర్మానం చేసింది: మా చేతులు కూడా రేపు ఎవడి సొత్తు అవుతాయో మాకు తెలియాలి. మూడో వారం పద్నాలుగో షరతు కొట్టేశారు. చేతిముద్ర ఉంటుంది, యంత్రాలు ఉంటాయి, ఇచ్చిన మనిషి చేతులు ఇచ్చిన మనిషివే. ముద్ర వాడుకున్నందుకు ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి డాక్టర్ని పెట్టాలన్న మాట మీద ఇంకా కొట్లాడుతున్నారు. కొట్లాడాలి. ఏదీ ఊరికే రాదు. రొయ్యలు మాత్రం మర్నాడే కదిలాయి.

ప్రభంజనరావే వచ్చి కడియాలు కోశాడు. కత్తెర చేతికి తగలకుండా జాగ్రత్తపడ్డాడు. దయామణి మణికట్టు మీద తెల్లటి చార మిగిలింది.

"మా అమ్మాయి నర్సింగు చదువుతోందమ్మా," అన్నాడు ఆయన, ఎవరూ అడక్కపోయినా.

"పంపించండి ఇక్కడికి. పనుంది," అంది దయామణి.

*

నూకరత్నానికి తొమ్మిదో నెల పడి నాలుగు రోజులైంది. బిడ్డ అలాగే ఉంది, తల పైకి. దయామణి ముందు గుండె చప్పుడు పెట్టె ఆనించి బిడ్డ గుండె విన్నది. నిలకడగా ఉంది. అరచేతులకు నూనె రాసుకుంది. అంబులెన్సు వాకిట్లో ఉంది, ఎందుకైనా మంచిదని.

భార్గవి కొత్త తొడుగులు తెచ్చింది. ఉద్యోగం పోయింది, తొడుగులు మాత్రం ఆమె సొంతం. కొండల్లో అమ్మాయిల కోసమని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కాగితం అర పేజీ, తెలుగులో ఉంది.

"వేసుకోండి సిస్టర్ గారూ."

"ఆఖర్లో వేసుకుంటా. ముందు మీరిలా రండి. చేతులు కడుక్కోండి. మీ చెయ్యి ఇక్కడ పెట్టండి."

"నేనా? నేను ఇంజనీర్ని."

"తెలుసు. పెట్టండి."

భార్గవి చెయ్యి పొట్ట మీద పెట్టింది. దాని మీద దయామణి చెయ్యి. చర్మం కింద గుండ్రటి తల. రాయిలా గట్టిగా, రాయి కాదని తెలిసేలా. దయామణి ఒక పక్క తలను, రెండో పక్క పిర్రలను పట్టి మెల్లిగా తోయడం మొదలుపెట్టింది. కొంచెం కదిలింది. ఆగిపోయింది. నూకరత్నం భయంతో ఊపిరి బిగబట్టింది, పొట్ట బల్లలా బిగిసింది.

"ఇప్పుడు నొక్కాలా?" అంది భార్గవి.

"వద్దు. ఆగాలి. ఈ పిల్ల ముందు నవ్వాలి." దయామణి గుమ్మం వైపు తిరిగింది. "ఏవండి, బయట ఉన్నారా? ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడను?" అన్నాడు ఏసోబు తలుపు అవతల నుంచి.

"ఎప్పుడూ ఏం మాట్లాడతారో అదే."

ఏసోబు గొంతు సవరించుకున్నాడు. "నూకరత్నమ్మా, నిన్న యార్డులో మేనేజరు నన్నడిగాడు, ఐసు ఎందుకు కరిగిందిరా అని. నేరం ఒప్పుకోవడానికి వరసలో నిలబడిందండి, ఎండదెబ్బ తగిలింది అన్నాను."

గొప్ప జోకేం కాదు. నూకరత్నం నవ్వింది. పొట్ట మెత్తబడింది. ఆ మెత్తదనం అంచు పట్టుకుని దయామణి చేతులు కదిలాయి, భార్గవి చెయ్యి వాటి కింద కదిలింది. లోపల ఏదో పెద్ద చేప చెరువులో మలుపు తిరిగినట్టు ఒళ్ళు విరుచుకుని, నెమ్మదిగా, అటునుంచి ఇటు తిరిగింది.

భార్గవి చెయ్యి తీయలేదు.

దయామణి మళ్ళీ గుండె విన్నది. నిలకడగానే ఉంది. తల ఇప్పుడు కిందికి ఉంది. నూకరత్నం కళ్ళు మూసుకుని, తెరిచి, తన పొట్ట వైపు అనుమానంగా చూసుకుంది.

"మళ్ళీ ఎనక్కి తిరిగిపోతేనో, సిస్టరమ్మగోరూ?"

"తిరిగితే మళ్ళీ తిప్పుతాను," అంది దయామణి నూనె చేతులు తుడుచుకుంటూ. "ఇక్కడే కదా ఉంటాను."